దీపం విల్నియస్‌లో... తాళం మాస్కోలో!

2025 ఫిబ్రవరి 8, శనివారం. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల్లో కరెంటు పోలేదు. పోకపోవడమే ఆ రోజు వార్త. ఎందుకైనా మంచిదని ఎస్తోనియాలో కొందరు ముందే జనరేటర్లు కొనిపెట్టుకున్నారు కూడా. ఎందుకంటే ఆ ఉదయమే మూడు దేశాలూ రష్యా, బెలారస్‌లతో ఉన్న లైన్లన్నీ తెంచేసుకున్నాయి. ఒక రోజుకు పైగా తమ గ్రిడ్‌ను తామే నడుపుకొన్నాయి. మర్నాడు పోలండ్‌ మీదుగా ఐరోపా గ్రిడ్‌లో కలిశాయి.

1991లోనే ఇవి సోవియట్‌ నుంచి బయటపడ్డాయి. 2004లో నాటోలో, ఐరోపా సమాఖ్యలో చేరాయి. 2022 మే తర్వాత రష్యా నుంచి కరెంటు కొనడమే మానేశాయి. మరి తెంచుకోవడానికి ఇంకా ఏం మిగిలింది? లయ!

గ్రిడ్‌లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఆ వేగం తగ్గుతుంది, మరీ తగ్గితే అంతా చీకటే. ఒక గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ కోలాటం జట్టులా ఒకే లయలో తిరగాలి. అప్పటిదాకా ఈ మూడు బాల్టిక్‌ దేశాల కోలాటంలో అడుగులు వాళ్లవే, తాళం మాత్రం మాస్కోది: గ్రిడ్‌ లయను నడిపేది అక్కడి నుంచే.

ఈ సంగతి మనకూ అనుభవమే. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాలు చీకట్లో మునిగితే దక్షిణాదికి ఆ దెబ్బ తగల్లేదు. అప్పటికి మన గ్రిడ్‌ లయ వేరు. గాజువాక లాంటి కేంద్రాల్లో ఏసీని డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి తెచ్చుకునేవాళ్లం. అలా చేస్తే కరెంటు ఇటు దాటుతుంది, కుదుపు దాటదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్‌ 765 కేవీ లైనుతో మనమూ దేశం లయలో కలిశాం. కలిస్తే ఒకరు తడబడినప్పుడు మిగతావాళ్లు ఆదుకుంటారు. ఆదుకునే చెయ్యి ఎవరిదన్నదే బాల్టిక్‌ ప్రజల బెంగ.

అందుకే ఏళ్ల తరబడి సిద్ధమయ్యారు. దాదాపు 160 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి, అందులో పెద్ద వాటా ఐరోపా సమాఖ్యదే. దేశానికి మూడు చొప్పున సింక్రనస్‌ కండెన్సర్లు పెట్టారు. ఇవి కరెంటు పుట్టించవు, బరువైన బొంగరాల్లా తిరుగుతూ లయ తప్పకుండా కాస్తాయంతే.

గ్యాస్‌ కథ ఇంకా రుచిగా ఉంటుంది. లిథువేనియాకు ఒకప్పుడు గ్యాస్‌ అమ్మేది రష్యా ఒక్కటే, దాంతో చెప్పిందే ధర. 2014లో క్లైపెడా రేవుకు ద్రవరూప గ్యాస్‌ను మామూలు గ్యాస్‌గా మార్చే ఓడను తెచ్చుకుంది. పేరు ‘ఇండిపెండెన్స్‌’. ఆ ఓడ రేవుకు చేరకముందే రష్యా గ్యాస్‌ సంస్థ గాజ్‌ప్రోమ్‌ ధర తగ్గించింది! పక్క వీధిలో ఇంకో కొట్టు తెరుస్తున్నారంటే పాత షావుకారు స్వరం మారడం మనకు తెలియనిదా? 2022 ఏప్రిల్‌లో లిథువేనియా రష్యా గ్యాస్‌ను పూర్తిగా మానేసింది.

అయితే కొత్త స్నేహితుల దగ్గరికి దారి చాలావరకు సముద్రం అడుగునే. 2023 అక్టోబరులో ఫిన్లాండ్‌, ఎస్తోనియాల మధ్య 77 కిలోమీటర్ల గ్యాస్‌ పైపు ‘బాల్టిక్‌కనెక్టర్‌’ను ఓ ఓడ లంగరు చీల్చింది. బాగయ్యేసరికి ఆరు నెలలు. 2024 క్రిస్మస్‌ రోజున ఆ రెండు దేశాల మధ్యే ఉన్న 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్‌-2 కరెంటు కేబుల్‌ తెగింది. లంగరుతో తెంచిందన్న అనుమానంతో ఫిన్లాండ్‌ అధికారులు ‘ఈగిల్‌ ఎస్‌’ ట్యాంకరును పట్టుకున్నారు. కేసు తమ పరిధిలోకి రాదని 2025 అక్టోబరులో హెల్సింకీ కోర్టు తేల్చేసింది. కేబుల్‌ వేసినంత తేలిక కాదు, దాన్ని కాపాడుకోవడం.

పైగా సముద్రం అడుగున ఉన్న కరెంటు కేబుళ్లు డీసీవి. కరెంటు తెస్తాయి, లయ తేలేవు. ఖండంతో లయ కలిపే దారి లిథువేనియా-పోలండ్‌ మధ్య ఉన్న లిట్‌పోల్‌ లైను ఒక్కటే. దానికి తోడుగా తలపెట్టిన ‘హార్మొనీ లింక్‌’ను మొదట సముద్రం అడుగునుంచి వేద్దామనుకున్నారు. ఖర్చు చూసి గుండె గుభేల్‌మని నేల మీదికి మార్చారు. లంగరు బెడదా తప్పింది.