జైలు కాదు... చికిత్స!

జేబులో గ్రాము హెరాయిన్‌తో పోలీసులకు దొరికితే..? చాలా దేశాల్లో కేసు, కోర్టు, జైలు. పోర్చుగల్‌లో మాత్రం అవేవీ ఉండవు. సరుకు లాక్కుని, ‘ఫలానా రోజు కమిటీ ముందుకు రండి’ అని కాగితం చేతిలో పెడతారు!

కోటి జనాభా ఉన్న ఆ చిన్న దేశాన్ని తొంభయ్యో దశకంలో హెరాయిన్ పట్టి పీడించింది. బానిసలైనవారు దాదాపు లక్షమంది. అంటే నూటికి ఒకరు! రాజధాని లిస్బన్‌లో ఒక పేటకు పేటే మత్తుమందుల సంతగా మారింది. ఒకరు గుచ్చుకున్న సూదే మరొకరు గుచ్చుకోవడంతో హెచ్ఐవీ విజృంభించింది. అయినా ఆసుపత్రికి వెళ్లాలంటే భయం... ఎక్కడ పట్టుకుంటారోనని.

దాంతో 1998లో ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. డాక్టర్ జువావు గులావు అందులో సభ్యుడు. వారి సూచనల మేరకు 2001 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. పదిరోజుల సొంత వాడకానికి మించని మత్తుమందు దగ్గరుంటే అది తప్పే కానీ, నేరం కాదు. పట్టుబడినవారితో ముగ్గురు సభ్యుల కమిటీ మాట్లాడుతుంది. బానిసైతే చికిత్సకు ఒప్పిస్తుంది. కాకపోతే హెచ్చరించి పంపుతుంది, అవసరమైతే జరిమానా వేస్తుంది. అమ్మేవాళ్లకు మాత్రం జైలు తప్పదు.

చట్టం ఒక్కటే మార్చి ఊరుకోలేదు. వాడిన సూది తెచ్చిస్తే కొత్తది ఉచితంగా ఇచ్చే పద్ధతి మందుల షాపుల్లో 1993 నుంచే ఉంది. దాన్ని కొనసాగించారు. హెరాయిన్ మానేటప్పుడు పడే నరకయాతనను తగ్గించే మెథడోన్ మందును వ్యాన్లలో వీధుల్లోకే తెచ్చిచ్చారు. సూదితో మత్తుమందు తీసుకునేవారిలో ఏటా వెయ్యికి పైగా బయటపడే కొత్త హెచ్ఐవీ కేసులు రెండు దశాబ్దాల్లో పదుల్లోకి దిగాయి. అలాగని సమస్య పూర్తిగా పోలేదు. ఆర్థిక సంక్షోభంలో నిధులు తగ్గాక కొన్ని నగరాల వీధుల్లో మళ్లీ సూదులు కనిపించాయి. చికిత్సకు డబ్బు లేకపోతే చట్టం మాత్రం ఏం చేస్తుంది?

మన దగ్గర మత్తుమందు వాడటం నేరమే. అయితే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు. తక్కువ మోతాదుతో కేసులో చిక్కిన బానిస, తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణా పోవచ్చు.

బిడ్డ మత్తులో ఉన్నాడని తెలిసినా ‘పరువు పోతుంది, పోలీసులొస్తారు’ అని తలుపులు మూసుకునే కుటుంబాలెన్నో. ఆ భయంతోనే విలువైన కాలం కరిగిపోతుంది. తలుపు తీయడానికి ఒక్క ఫోన్ చాలు. జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446.