పాత కారు పరీక్షలో నెగ్గునా?

ఒక పాఠశాల నుండి పదవ తరగతి పరీక్షకు నూరుమంది వెళ్ళగా తొంబదిమంది ఉత్తీర్ణులైనారని విన్నచో, అచ్చట చదువు చక్కగా సాగుచున్నదని అనుకొందుము. కాని వెనుకబడిన విద్యార్థులను ముందుగానే ఆపివేసి, తక్కినవారిని మాత్రమే పరీక్షకు పంపినారని తెలిసినచో ఆ తొంబది శాతమునకు మన మిచ్చు విలువ మారిపోవును. పాత మోటారు కార్ల విషయములోను ఇట్టి చిక్కే కలదు. ఫలానా మోడలు కారు ఎంత పాతబడినను యోగ్యతా పరీక్షలో నూటికి ఇన్ని వంతులు నెగ్గుచున్నదను మాటను ఎట్లు అర్థము చేసికొనవలెనో చూతము.

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ మీదట కారు రోడ్డుపై నడుచుటకు తగియున్నదని తేలిననే దానిని పొడిగింతురు. ఇట్టి పరీక్షను గ్రేట్ బ్రిటనులో ఎం.ఓ.టి. పరీక్ష అందురు. 1960లో అది మొదలైనపుడు పదియేండ్లు దాటిన కార్ల బ్రేకులు, దీపములు, స్టీరింగు మాత్రమే చూచెడివారు. నెగ్గని కార్లు మిక్కిలిగా ఉండుటచే ఆ వయోపరిమితిని 1961లో ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించిరి. నేడు టైర్లు, సస్పెన్షను, పొగ, కారు అడుగుభాగపు తుప్పు మున్నగునవి కూడ పరీక్షింతురు. ఫలితములన్నియు కంప్యూటరులో నమోదై అందరికి అందుబాటులో ఉన్నవి. కావున ఏ మోడలు ఏ వయస్సున ఎట్లు నెగ్గుచున్నదో లెక్కించుట సాధ్యమైనది.

ఈ పరీక్ష కేవలము కాగితపు తంతు కాదు. బ్రేకులనే తీసికొనుడు. చక్రముల వద్ద బ్రేకులు కలిగించు మొత్తము బలము కారు బరువులో ఎంత శాతమో దానిని బ్రేకుల సామర్థ్యము అందురు. సామాన్యముగా కారుకు ఇది 50 శాతమైనను ఉండవలెను. 2010 సెప్టెంబరు నుండి కొత్తగా రోడ్డెక్కిన కార్లకు 58 శాతము కావలెను. 50 శాతమనగా కారు వేగము సెకనుకు సెకనుకు 4.9 మీటర్ల చొప్పున తగ్గునన్నమాట. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు బ్రేకు పట్టిన పిమ్మట సుమారు 28 మీటర్లు పోయి ఆగును. సామర్థ్యము 30 శాతమునకు పడిపోయినచో 47 మీటర్లు పోవును. ఈ 19 మీటర్ల మధ్య దారి దాటుచున్న పిల్లవాడు ఉండవచ్చును.

ఇక శాతముల సంగతి. కారు వయస్సు పెరిగినకొలది ఉత్తీర్ణతా శాతము తగ్గుచుపోవును. ఇందులో వింత లేదు. లోహము తుప్పుపట్టును, రబ్బరు పగులును, కీళ్ళు అరుగును. కాని మిక్కిలి పాత కార్ల వద్దకు వచ్చుసరికి ఆ శాతము మరల పైకి లేచును! వయస్సుతోపాటు ఇనుము గట్టిపడినదా? ఒక ఊహాజనితమైన లెక్క చేసి చూతము.

ఒకే మోడలుకు చెందిన 1000 కార్లు ఉన్నవనుకొందము. వానిలో 400 కార్లను యజమానులు శ్రద్ధతో పోషించుచున్నారు. వీనిలో నూటికి 90 నెగ్గును. తక్కిన 600 కార్లను నిర్లక్ష్యముగా వాడుచున్నారు. వీనిలో నూటికి 50 నెగ్గును. నెగ్గినవి మొత్తము 360, 300 కలిపి 660, అనగా 66 శాతము. పదియేండ్లు గడచినవి. పరీక్షలో తప్పిన కార్లను బాగుచేయించుట గిట్టక పలువురు తుక్కుకు అమ్మివేసినారు. శ్రద్ధగా చూచినవి 300, నిర్లక్ష్యము చేసినవి 100 మిగిలినవి. వయస్సు ప్రభావముచే మొదటి వర్గము నూటికి 85కు, రెండవ వర్గము 40కి దిగజారినవి. ఇపుడు నెగ్గునవి 255, 40 కలిపి 295. మొత్తము 400లో ఇది దాదాపు 74 శాతము!

రెండు వర్గములును క్షీణించినవి. ఐనను మొత్తపు శాతము పెరిగినది. కార్లు బాగుపడలేదు, పరీక్షకు వచ్చు గుంపు మారినది. పైగా అట్టి ముదుసలి కార్లను యజమానులు ముచ్చటకై ఉంచుకొని, ఏడాదికి కొలదిదూరమే నడుపుదురు.

మారిస్ మైనరు కారును చూడుడు. మన అంబాసిడరుకు మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డును చేసిన సంస్థయే దీనిని 1948లో వెలువరించినది. 1971 వరకు పదిలక్షలకు మించి తయారైనవి. నేడు మిగిలినవి అందులో స్వల్పభాగమే. ఇవి నెగ్గిన శాతమును చూచి, ఆ కాలపు కార్లన్నియు ఇంత గట్టివని చెప్పుట తొందరపాటు. తుక్కైపోయిన లక్షల కార్లు సాక్ష్యము చెప్పుటకు రావు గదా! అదియునుగాక, 40 ఏండ్లు దాటి పెద్ద మార్పులు పొందని కార్లకు 2018 నుండి అచ్చట ఈ పరీక్ష తప్పనిసరి కాదు. కావున స్వచ్ఛందముగా వచ్చినవే లెక్కకెక్కును.

మరి రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, సంఖ్య. 50 కార్లలో 35 నెగ్గిన అది 70 శాతమే. 5000లో 3500 నెగ్గినను 70 శాతమే. కాని మొదటిదానిలో అసలు విలువ సుమారు 57కును 83కును మధ్య ఎచ్చటనైనను ఉండవచ్చును. రెండవదానిలో ఆ అనిశ్చితి ఒక శాతమునకు కొంచెము మించి అటునిటు మాత్రమే. రెండవది, తప్పిన కారణము. దీపపు బల్బు మాడిపోయినను, ఉక్కుచట్రము తుప్పుతో బలహీనపడినను లెక్కలో అది ఒక్క వైఫల్యమే. మొదటిది కొద్ది నిమిషములలో తీరును. రెండవది ఆ కారు ఆయుష్షునే తేల్చును.

కావున పాత కారు కొనదలచినవారు మోడలు శాతముతో తృప్తిపడక, ఎన్ని కార్లు పరీక్షకు వచ్చినవి, ఎన్ని రాకయే పోయినవి, తప్పినవి దేనివలన తప్పినవి అని అడుగవలెను. తరువాత ఎదుటనున్న కారు చరిత్రను చూడవలెను. నెగ్గిన కారైనను పరీక్ష జరిగిన దినమున, పరీక్షించిన భాగములలో మాత్రమే నెగ్గినది. ఎం.ఓ.టి. పరీక్ష ఇంజను, క్లచ్చి, గేరుపెట్టెల స్థితిని చూడనే చూడదు.

ఉపాధ్యాయులు పై 1000 కార్ల లెక్కను తరగతిలో సంఖ్యలు మార్చి చేయించవచ్చును. శాతమును చూచినపుడెల్ల "దేనిలో శాతము?" అని అడుగు అలవాటు విద్యార్థికి దానివలన కలుగును. ఆ ప్రశ్న కార్లకే కాదు, పరీక్షా ఫలితములకును మందుల గుణమునకును కూడ పనికివచ్చును.