అట్టమీది తేదీ - అసలు తేదీ

ఒక కవి ఏ కాలమువాడు? ఈ ప్రశ్న తెలుగు సాహితీలోకమునకు క్రొత్తది కాదు. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును ప్రకటించిన నాటినుండి, ఆ కవి నన్నయకు ముందువాడా, వెనుకవాడా యని పండితులు దశాబ్దములపాటు వాదించిరి. శాసనములు, పూర్వకవిస్తుతులు, ఛందోవిశేషములు, భాషలోని పాతరూపములు, ఇవన్నియు సాక్ష్యము పలుకుటకు వచ్చినవి. తాటాకులమీద వ్రాసిన కావ్యమునకు తేదీ తెలియకపోవుట వింత కాదు. కాని అచ్చుయంత్రములు, తపాలా కచేరీలు, న్యాయస్థానములు గల ఇరువదవ శతాబ్దిలో, అమెరికా దేశమున, నెలయు సంవత్సరమును అట్టమీదనే అచ్చువేసి అమ్మిన బొమ్మల కథల పుస్తకము ఎప్పుడు వెలువడినదో తేల్చుటకు విచారణ జరుగవలసివచ్చిన దనిన ఎవ్వరికైనను వింతగానే తోచును. ఆ విచారణలో ఒక రచయిత కుటుంబముయొక్క హక్కులు ఆరు దినముల తేడాతో తారుమారైన విషయము మరింత వింత.

కామిక్సు అని వాడుకలోనున్న ఈ పుస్తకములు 1930ల తుదిభాగమున అమెరికాలోని పత్రికల బడ్డీలలోను, మందుల దుకాణములలోను 10 సెంట్లకు అమ్ముడుపోయెడివి. బాలురు చదివి, చేతులు మార్చుకొని, తుదకు చెత్తబుట్ట పాలు చేసెడివారు. వీటిని దాచవలె ననిగాని, వీటి పుట్టుకతేదీని గుర్తుంచుకొనవలె ననిగాని నాడెవ్వరికిని తోచలేదు. సూపర్‌మాన్ తొలిసారి కనబడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలములో పోయినది. ఆ సంచిక అట్టమీద నున్నది 1938 జూన్. అది అంగళ్లలోనికి వచ్చినది 1938 ఏప్రిల్ 18.

అట్టమీద అబద్ధము ఎందుకు వ్రాసిరి? నిజమునకు అది అబద్ధము కాదు. పాఠకునికొరకు వ్రాసిన తేదీ కాదు, అంతే. అంగడివానికి ఆ తేదీ ఒక గడువు. ఆ నెల వచ్చినంతనే మిగిలిన ప్రతులను బల్లమీదనుండి తీసివేయవలెను. అమ్ముడుపోని ప్రతులనుగాని, వాటి అట్టలనుగాని, అట్ట పైభాగమును చింపిన ముక్కలనుగాని పంపిణీదారునకు తిప్పిపంపి, వాటి వెలను ఖాతాలో జమకట్టించుకొనవలెను. గడువు ఎంత దూరమున నున్న సంచిక అన్ని దినములు బల్లమీద నిలుచును. పైగా కొనువారికి ముందునెల పేరు చూడగానే సరకు తాజాగా కనబడును. కావున ప్రచురణకర్తలు రెండు మూడు నెలలు ముందుకు జరిపి అచ్చువేసిరి. ఆ జరుపుటలోనైనను ఒక నియమము లేదు. బాట్‌మాన్ తొలికథ గల డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికపై 1939 మే అని యున్నది. అది వెలువడినది మార్చి 30. మార్వెల్ కామిక్స్ మొదటి సంచికను అక్టోబరు 1939 పేరుతో అచ్చువేసి, పెక్కు ప్రతులలో ఆ నెలపేరును నల్లసిరాతో కప్పి నవంబరు అని మరల అచ్చొత్తిరి. బాట్‌మాన్ పేరిట వెలసిన పత్రిక మొదటి సంచికకైతే నెలయే లేదు. 1940 వసంతము అని మాత్రమే కలదు.

రెండు నెలలు అటునిటైన ఏమి మునిగినది అని అడుగవచ్చును. కాప్టెన్ అమెరికా మొదటి సంచికను చూడుడు. జో సైమన్, జాక్ కర్బీ యను ఇరువురు కళాకారులు సృష్టించిన ఆ వీరుడు అట్టమీదనే హిట్లరు దవడమీద పిడికిలితో గుద్దుచుండును. అట్టతేదీ 1941 మార్చి. దానిని నమ్మినవాడు, అధ్యక్షుడు రూజ్వెల్టు తన దేశము ప్రజాస్వామ్యమునకు ఆయుధాగారము కావలెనని రేడియోలో ప్రబోధించిన పిమ్మట ఆ గాలికి అనుగుణముగా ఈ బొమ్మ పుట్టినదని వ్రాయును. కాని ఆ ప్రసంగము 1940 డిసెంబరు 29నాటిది. పుస్తకము అంగళ్లకు వచ్చినది డిసెంబరు 20. అనగా ప్రసంగమునకు తొమ్మిది దినములు ముందే ఆ పిడికిలి లేచినది. అమెరికా యుద్ధములో దిగుటకు ఇంకను సంవత్సరకాలము ఉన్నది. యుద్ధమునకు దూరముగా నుండవలెనను వాదము దేశమున బలముగా నున్న దినము లవి. అట్టతేదీని నమ్మినచో ఆ యువకులు ప్రతిధ్వను లగుదురు. అసలు తేదీని నమ్మినచో సాహసికు లగుదురు.

అసలు తేదీని కనుగొనుటకు ప్రధానమైన ఆధారము వాషింగ్టనులోని కాపీరైటు కార్యాలయము వెలువరించిన నమోదుల పట్టికలు. 1909నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్త రెండు ప్రతులను సమర్పించి, ప్రచురణ తేదీని తెలుపవలెను. అధికారసమ్మతమైన తొలి ముద్రణ ప్రతులను అమ్మకమునకు పెట్టిన, అమ్మిన, లేక బహిరంగముగా పంచిన మొట్టమొదటి దినమే ప్రచురణ తేదీ యని ఆ చట్టమే నిర్వచించినది. పట్టికల సంపుటములను నేడు అంతర్జాలములో ఎవ్వరైనను తిరుగవేయవచ్చును. ఐనను ఆ తేదీ ప్రచురణకర్త చెప్పినది. కార్యాలయమువారు అంగడికి పోయి చూచి వ్రాసినది కాదు. పెక్కు సంచికలు నమోదే కాలేదు.

అట్టి సంచికలకు లోపలి సాక్ష్యములు కావలెను. అచ్చట మన కవికాలనిర్ణయపద్ధతియే అక్కరకు వచ్చును. కావ్యములో పేర్కొన్న పూర్వకవి ఆ కావ్యమునకు ఒక ఎల్ల. ఆ కావ్యమును ఉదాహరించిన లక్షణకర్త రెండవ ఎల్ల. కామిక్సులోనైన, తపాలా రాయితీ పొందు పత్రికలు 1912నాటి చట్టమును అనుసరించి తమ యాజమాన్య వివరములను అచ్చువేయవలసియుండెను. అక్టోబరు 1వ తేదీతో సంతకమైన వివరపత్రము గల సంచిక ఆ దినమునకు ముందు అచ్చై యుండదు. ఇది పై యెల్ల. సోదరపత్రికలో దానిగూర్చి వచ్చిన ప్రకటన కొన్ని వేళల విడుదల దినమును కూడ చెప్పును. ఇక అట్టమూలను అంగడివాడు సీసపుకడ్డీతో గీచిన అంకెలు కలవు. సరకు తన బల్లమీదికి వచ్చిన దినమును అతడు లెక్కలకొరకు వేసికొన్నాడు. అతడెరుగకయే చరిత్రకారుడైనాడు. ఐతే ఆ అంకెలు ఆ యూరికి సరకు చేరిన దినమును మాత్రమే చెప్పును. న్యూయార్కులో వెలువడిన దినమును, దూరపు పట్టణమునకు చేరిన దినమును ఒక్కటి కానక్కరలేదు.

ఇన్ని సాక్ష్యముల విలువ న్యాయస్థానములో తేలినది. సూపర్‌మాన్ కథకుడు జెర్రీ సీగెల్, చిత్రకారుడు జో షుస్టర్. క్లీవ్లాండు నగరమున పెరిగిన ఈ యువకులు 13 పుటల తొలికథకు పుట 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు పుచ్చుకొని, 1938 మార్చిలో సర్వహక్కులను వ్రాసియిచ్చిరి. వీరుడు కోట్లు సంపాదించెను. కన్నవారు దశాబ్దములు వ్యాజ్యములలో గడిపిరి. 1976లో అమెరికా ప్రభుత్వము హక్కుల కాలమును పొడిగించుచు, ఒక న్యాయము చేసినది. పాత చట్టమునందలి 56 సంవత్సరములు ముగిసిన పిమ్మట ఐదేండ్లలోపల, రచయితగాని వారసులుగాని ముందుగా నోటీసునిచ్చి, వ్రాసియిచ్చిన హక్కులను వెనుకకు తీసికొనవచ్చును. ఆ ఐదేండ్లు దాటెనా, తలుపు మూసికొనును.

1996లో సీగెల్ మరణించెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఆయన భార్యయు, కుమార్తెయు నోటీసు పంపిరి. హక్కులు 1999 ఏప్రిల్ 16న తమకు రావలెనని అందు వ్రాసిరి. 56కు 5 కలిపిన 61. ఆ దినమునుండి 61 ఏండ్లు వెనుకకు పోయిన 1938 ఏప్రిల్ 16. కావున ఆనాడుగాని, ఆ తరువాతగాని వెలువడిన రచనలకే నోటీసు వర్తించును. యాక్షన్ కామిక్స్ ఏప్రిల్ 18నాటిది. రెండు దినముల వ్యవధితో గట్టెక్కినది.

కాని ప్రచురణకర్తల పక్షమువారు మరియొక కాగితము చూపిరి. అదే సంస్థవారి రెండు సోదరపత్రికలలో యాక్షన్ కామిక్స్ రాకను తెలుపు ప్రకటనలు వచ్చినవి. వాటి అట్టలపై 1938 మే అని యున్నను, అవి ఏప్రిల్ 10 నాటికే వెలువడినవి. ఆ ప్రకటనలలో కారు నెత్తిన వీరుని అట్టబొమ్మ నలుపు తెలుపులలో చిన్నదిగా ఉన్నది. 2008 మార్చి 26న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి స్టీఫెన్ లార్సన్ తీర్పు చెప్పుచు, తొలికథలో సీగెల్ భాగము వారసులకు చెందు నని నిర్ణయించెను. కాని ప్రకటనలు ఆరు దినముల తేడాతో నోటీసునకు అందకపోయినవి. ఫలితముగా నలుపు తెలుపుల దుస్తులు, పైవస్త్రము ధరించిన మహాబలశాలి రూపము సంస్థకు దక్కినది. నీలిదుస్తులు, ఎఱ్ఱని పైవస్త్రము, రొమ్ముమీది చిహ్నము, కథాసంవిధానము వారసుల వంతుకు వచ్చినవి. ఒక వీరుని బొమ్మను రంగులేకుండ ఒకరికి, రంగులతో మరియొకరికి పంచిన తీర్పు లోకములో వేరొకటి యుండునా!

ఆ విజయమును నిలువలేదు. 2001లో ఇరుపక్షముల నడుమ నడిచిన ఉత్తరము ఒప్పందమే యగునని 2013 జనవరిలో పై న్యాయస్థానము నిర్ణయించుటతో హక్కులు సంస్థకే చెందినవి. కాని ఆ వ్యాజ్యము నేర్పిన పాఠము మిగిలియున్నది. నాడు ఎవ్వరును లక్ష్యపెట్టని ప్రకటనపుట, డెబ్బది ఏండ్ల తరువాత హక్కుల సరిహద్దును గీచినది.

మన గ్రంథాలయములలో పాతపత్రికలను జిల్దు కట్టించునపుడు అట్టలను, ప్రకటనల పుటలను అనవసరమని తీసివేయుట అపూర్వము కాదు. సారము మిగిలినది, పొట్టు పోయినదని సంతృప్తిపడుదుము. కాని సారము ఎప్పుడు పుట్టినదో చెప్పగలది కొన్ని వేళల ఆ పొట్టే. జిల్దు కట్టువాని కత్తికి పుటలను అప్పగించుటకు ముందు ఒక్కసారి వాటిని తిరుగవేయుట మంచిది. ఏ మూలనో ఒక అంగడివాడు సీసపుకడ్డీతో గీచిన అంకె ఉండవచ్చును.