గాలి ఉచితం, అప్పు కాదు

ఆషాఢంలో చిప్పగిరి నుంచి ఆస్పరి వైపు పోతుంటే పత్తి చేల మీద గాలిమరల రెక్కల నీడలు గిరగిరా తిరుగుతుంటాయి. ఇక్కడివాళ్లు వాటిని ఫ్యాన్లంటారు. "ఫ్యాను మా చేను పక్కనే తిరుగుతాంది, కరెంటు బిల్లు మాత్రం తగ్గదెందుకప్పా?" అని టీకొట్టు దగ్గర ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి. గాలిమరకు ఖర్చంతా ముందే, అదీ ఎక్కువగా అప్పు తెచ్చే. అందుకే కంపెనీ, ఇళ్లకు కరెంటు పంచే డిస్కంతో పాతికేళ్లకు రేటు రాయించుకుంటుంది. ఆ కాగితం చూసే బ్యాంకు డబ్బిస్తుంది. కాగితం మీద నమ్మకం సడలితే వడ్డీ పెరుగుతుంది. పది కోట్ల అప్పుకు 9 శాతం బదులు 11 శాతమైతే మొదటి ఏడే 20 లక్షలు అదనం. అదీ యూనిట్ ధరలోకే చేరుతుంది.

2016–17లో ఆంధ్రప్రదేశ్‌లో గాలి కరెంటు యూనిట్ ధర 4.84 రూపాయలు. 2017 చివర్లో గుజరాత్ వేలంలో అది 2.43కి పడిపోయింది. అంతకుముందే రాజస్థాన్‌లో సోలార్ 2.44కు దిగింది. పాత రేటు మోయలేమంటూ 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసి, ఒప్పందాలను తిరగదోడింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. తేలేదాకా 2.43, 2.44 చొప్పున చెల్లించమని సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. రాసుకున్న రేటే ఇవ్వాలని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తేల్చింది.

డిస్కంల కష్టం అబద్ధం కాదు. కానీ ఆదోని యార్డులో ఈరోజు పత్తి రేటు పడిందని నిన్నటి పట్టీ దిద్దితే రేపు బండి తోలేదెవరు?

ఇంకో చిక్కు, వేళది. ఓర్వకల్లు దగ్గర 2017లో మొదలైన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మధ్యాహ్నం దండిగా ఇస్తుంది. ఇళ్లలో లైట్లు వెలిగేసరికి దాని పని అయిపోతుంది. గాలి జోరంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. అందుకే నిల్వ కావాలి. పాణ్యం మండలం పిన్నాపురంలో 2022 మేలో శంకుస్థాపన చేసిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు పద్ధతి అదే: మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. ఇలాంటి చోట నాలుగు యూనిట్లు పెడితే సుమారు మూడు తిరిగొస్తాయి. పోయిన ఆ ఒక్క యూనిట్ ఖరీదూ, రిజర్వాయర్లు కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీ కూడా సాయంత్రం కరెంటు రేటులోనే కలుస్తాయి.