డబ్బా మీద పేరు

పిల్లలూ! తలనొప్పిగా ఉంటే మీ నాయనమ్మ ఏమంటుంది? "ఆ గూట్లో అమృతాంజనం ఉంది, ఇలా పట్రా" అంటుంది. రోజూ వినే ఈ మాటను ఒకసారి విడదీసి చూద్దాం. అమృత, అంజనం అనే రెండు మాటలు కలిస్తే అమృతాంజనం. సవర్ణదీర్ఘసంధి! అంజనం అంటే కాటుక. పూర్వం పల్లెల్లో వస్తువేదైనా పోతే అంజనం వేసి చూసేవారు. ఆ నల్లని పూతలో దొంగ కనబడతాడని నమ్మకం. కనుక ఆ మాటలో కొంత మందూ ఉన్నది, కొంత మహిమా ఉన్నది. దానికి ముందు అమృతం కూడా చేరితే ఇక చెప్పేదేమున్నది! (అంజనమన్నారు గదా అని కంట్లో పెట్టుకునేరు సుమా! భరించలేరు.)

1893లో బొంబాయిలో ఈ మందు తయారు చేయించినవారు కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. బొంబాయిలో అచ్చతెలుగు పేరు పెడితే ఎవరికి తెలుస్తుంది? అమృతం అంటే మరాఠీవారికీ, గుజరాతీవారికీ, కన్నడంవారికీ అందరికీ తెలుసు. అయితే పేరు బాగున్నదని కొత్త మందును ఎవరూ డబ్బిచ్చి కొనరు గదా. అందుకని పంతులుగారు మొదట్లో సంగీత సభల్లో దానిని ఊరికే పంచిపెట్టారట. రాసుకున్నవారికి నుదురు చల్లబడినట్టు అనిపించింది. నిజానికి నుదురు చల్లబడదు. అందులోని మెంథాల్ చర్మంలో చలిని కనిపెట్టే నరాలను తట్టి లేపుతుంది, మెదడు చల్లగా ఉన్నదనుకుంటుంది. ఏమైతేనేం, హాయిగా ఉన్నది. రెండోసారి కొనుక్కున్నారు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికనూ, 1924లో భారతి మాసపత్రికనూ స్థాపించారు.

అన్ని పేర్లనూ ఇలా సంధి విడదీయటం కుదరదు. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తన కెమెరాకు 'కొడాక్' అని పేరు పెట్టాడు. ఏ భాషలోనూ దానికి అర్థం లేదు. ఆయనకు 'కె' అక్షరమంటే ఇష్టం, ముందొకటీ వెనుకొకటీ పెట్టుకున్నాడు, అంతే! 'డాడా' అనే కంపెనీ పేరు మధ్య లీవరువారు తమ మొదటి అక్షరాన్ని దూర్చి 'డాల్డా' అన్నారు. గుజరాతులోని ఆనంద్ పాలసంఘంవారు గడుసువారు. ఇంగ్లీషులో చూస్తే 'అమూల్' వారి సంఘం పేరులోని పొడి అక్షరాలు, సంస్కృతంలో చూస్తే 'అమూల్య'. ఇక 'నిర్మా' ఒక చిన్నపిల్ల ముద్దుపేరు. కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహమ్మదాబాదులో సైకిలెక్కి ఇంటింటికీ తిరిగి సబ్బుపొడి అమ్మేవాడు. నిరుపమ ఆయన కూతురు. ఆ పిల్ల కారు ప్రమాదంలో పోయింది. పేరు మాత్రం ఇప్పటికీ పొట్లాల మీద ఉన్నది.

కొన్ని పేర్లు కంపెనీ చేతిలోంచి జారి ఊరందరివీ అయిపోతాయి. మీ తాతగారిని పెట్రోమాక్సు దీపం గురించి అడగండి. కరెంటు లేని రోజుల్లో పెళ్ళి ఊరేగింపుకు అదే వెలుగు. కిరసనాయిలును గాలి ఒత్తిడితో పైకి తోసి, ఆవిరి చేసి, వలవంటి మాంటిల్‌లో మండిస్తే తెల్లని కాంతి వస్తుంది. పెట్రోలియంలోని 'పెట్రో'కు బెర్లిన్ నగరపు కంపెనీ యజమాని మాక్స్ గ్రేట్జ్ పేరులోని 'మాక్స్' తగిలించారు. తరువాత ఏ కంపెనీవారు చేసిన దీపమైనా మనవాళ్ళకు పెట్రోమాక్సే! 'జిరాక్స్' కూడా అంతే. గ్రీకులో 'జిరోస్' అంటే పొడి. తడిసిరా లేకుండా పొడితో అచ్చు వేస్తుంది గనుక ఆ పేరు. ఇప్పుడు ఏ యంత్రంలో నకలు తీసినా జిరాక్సు తీశామంటాం. కంపెనీకి ఇది గొప్పే గాని, పాపం, పేరు మీద హక్కు పలచబడిపోతుంది.

మంచి అర్థమున్న పేరు పెట్టుకుంటే మంచే జరుగుతుందా? హైదరాబాదులో 1987లో 'సత్యం' అనే కంప్యూటరు కంపెనీ పెట్టారు. అందులో ఉద్యోగమంటే మన పల్లెల్లో కూడా ఘనంగా చెప్పుకునేవారు. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు ఒక ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన సొమ్ములో అయిదువేల కోట్ల రూపాయలకు పైగా అసలు లేనే లేదని! ఆ ఏడే కంపెనీ చేతులు మారింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, సత్యం అనే పేరు బోర్డుల మీద నుంచి పోయింది. వేలమంది ఉద్యోగులు రాత్రింబవళ్ళు చేసిన పని నిజమైనదే. వాళ్ళందరి మీదా ఆ పేరు బరువు పడింది.

ఊరి పేర్ల కథ వేరు. పలాస జీడిపప్పు అంటే ఎక్కడైనా చెల్లుతుంది, కాని పలాస ఏ ఒక్క కంపెనీదీ కాదు. మా మందస కోవా కూడా అంతే. జీడిమామిడిని పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చారు. అక్కడివారి 'అకజు' హిందీలో కాజూ అయింది, ఇంగ్లీషులో క్యాషూ అయింది. మనవాళ్ళు ఆ పేరు పట్టించుకోలేదు. చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసంలాగే దీని పెంకులోని నూనె కూడా చర్మాన్ని పొక్కిస్తుంది. చెట్టు చూస్తే మామిడి కుటుంబం. అందుకని జీడిమామిడి అన్నారు. బడికి పోనివాళ్ళు పెట్టిన పేరే అయినా శాస్త్రజ్ఞుడు కూడా వంక పెట్టలేడు!

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడింది. జీడి, కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా కూలిపోయాయి. తిరిగి నాటిన మొక్క కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుంది. అయినా బజారులో పలాస పప్పుకు కరువు రాలేదు. ఆఫ్రికా దేశాల గింజలు కూడా ఇక్కడికి తెప్పించి పప్పు తీస్తారు గనుక! అట్లా అయితే 'పలాస' అంటే ఏమిటి? మన ఇసుక నేలలో కాసిన గింజా? వేడి గింజను కొట్టి, పప్పు విరగకుండా తీసి, పొర వలిచే ఆడవాళ్ళ పనితనమా? రెండూ కలిసే ఆ పేరు వచ్చింది. అందులో చేతి పనికే పెద్ద వాటా అని నేనంటాను. గింజ ఎక్కడిదో కూడా డబ్బా మీద రాస్తే రైతుకు న్యాయంగా ఉంటుంది. ఊరి పేరును కాపాడటానికి మన దేశంలో 1999లో ఒక చట్టం చేశారు. 2017లో బందరు లడ్డూకు ఆ కాపలా దొరికింది. ఏ ఊరికి దొరకాలన్నా ముందు అక్కడివారు ఈ ప్రశ్నకే జవాబు చెప్పవలసి ఉంటుంది.

డబ్బా మీద 'డబ్ల్యు-320' అని కూడా ఉంటుంది. అంటే ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 320కి మించకుండా విరగని తెల్ల పప్పులు తూగాలి. 'డబ్ల్యు-180' అని మరో రకం ఉన్నది. ఈ రెండింటిలో ఏది పెద్ద పప్పు? ఒక్కొక్కటి ఎన్ని గ్రాములుంటుంది? లెక్క కట్టండి. ఈసారి మీ నాన్నగారు పప్పు తెస్తే, తినేముందు ఒక వంద గ్రాములు తూచి, లెక్కపెట్టి చూడండి.