మైదానం వీడినవాడు మైకు ఎందుకు పడతాడు? ఎలా బతుకుతాడు?

ఐపీఎల్ రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు పక్కన ఏ టీ కొట్టు ముందు నిలబడినా టీవీలో తెలుగు వ్యాఖ్యానం చెవిన పడుతుంది. గ్లాసు పట్టుకున్నవాళ్లలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "మాట్లాడేది మనోడేగా! ఆట మానేశాక వీళ్లకి ఎంతొస్తుందంటావ్?" ఆ రెండో ప్రశ్నకు పది మంది పది అంకెలు చెబుతారు. ఒకదానికీ మరోదానికీ పొంతన ఉండదు. ఓపిగ్గా ఒక్కో ముడీ విప్పుదాం.

మనోడంటే ఎవరు?

ఇద్దరున్నారు. ఒకరు ఎమ్మెస్కే ప్రసాద్. గుంటూరు జిల్లా మేడికొండూరులో 1975లో పుట్టాడు. వికెట్ కీపర్‌గా భారత్ తరఫున 6 టెస్టులు, 17 వన్డేలు ఆడాడు. 1999 అక్టోబర్‌లో మొహాలీలో మొదలైన టెస్టు కెరీర్ 2000 జనవరిలో సిడ్నీలో ముగిసింది. నిండా మూడు నెలలు కూడా లేదు.

రెండో వ్యక్తి అంబటి రాయుడు. 1985లో గుంటూరులో పుట్టి హైదరాబాద్ తరఫున ఎదిగాడు. 2002లో, పదిహేడేళ్లకే, ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. కొట్టింది ఎవరి మీదో తెలుసా? ఆంధ్ర జట్టు మీదే! 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు కెప్టెన్. అంతటివాడు 2007లో భారత క్రికెట్ బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి నిషేధానికి గురయ్యాడు. 2009లో క్షమాభిక్షతో తిరిగొచ్చి, 2013లో గానీ తొలి వన్డే ఆడలేదు. మొత్తం 55 వన్డేల్లో 47కు పైగా సగటుతో 1,694 పరుగులు. ఐపీఎల్‌లో 4,348 పరుగులు, ముంబయితో మూడు, చెన్నైతో మూడు, కలిపి ఆరు టైటిళ్లు.

ఈ ఇద్దరి దారులూ ఒకచోట గట్టిగానే తగిలాయి. 2019 ప్రపంచకప్ జట్టును ఎంచిన సెలక్షన్ కమిటీకి ప్రసాద్ ఛైర్మన్. రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ను తీసుకుని, అతను మూడు రకాలుగా పనికొస్తాడని, త్రీ డైమెన్షన్ల ఆటగాడని చెప్పాడు. ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్‌తో చురక వేశాడు. ఎంచినవాడూ గుంటూరే, ఎంపిక కానివాడూ గుంటూరే. తర్వాత ఇద్దరూ స్టార్ స్పోర్ట్స్ మైకు ముందుకే చేరారు.

ఫుట్‌బాల్ ఆడినవాళ్లలో మనకు ఇలాంటివారు ఎందుకు లేరు?

ఆట తక్కువై కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీమ్ సాబ్ శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. కానీ అప్పట్లో ఆటగాడికి భరోసా అంటే పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగం. ఇంటింటా టీవీ లేదు. టీవీ లేనిచోట ప్రకటన లేదు, ప్రకటన లేనిచోట మైకు ముందు కూర్చున్నవాడికి జీతమిచ్చే నాథుడు లేడు.

అదే ఇంగ్లండులో చూడండి. గ్యారీ లినేకర్ తండ్రి లెస్టర్ మార్కెట్‌లో పళ్లూ కూరగాయలూ అమ్మేవాడు. కొడుకు 1986 ప్రపంచకప్‌లో ఆరు గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. ఇంగ్లండ్ తరఫున 80 మ్యాచ్‌లు, 48 గోల్స్. ఆటగాడిగా పదహారేళ్లు. బీబీసీలో 'మ్యాచ్ ఆఫ్ ద డే' వ్యాఖ్యాతగా మాత్రం 1999 నుంచి 2025 దాకా, ఇరవై ఆరేళ్లు! బీబీసీ బయటపెట్టిన లెక్కల ప్రకారం 2023-24లో అతని జీతం దాదాపు 13.5 లక్షల పౌండ్లు. అక్కడ ఫుట్‌బాల్‌కు ఉన్న గిరాకీ ఇక్కడ క్రికెట్‌కు ఉంది. తేడా ఆటలో లేదు, సంతలో ఉంది.

ఆడే రోజుల్లోనే కోట్లొస్తాయిగా, మళ్లీ మైకు ఎందుకు?

అందరికీ రావు కాబట్టి. ప్రసాద్ దేశానికి ఆడిన రోజుల్లో ఐపీఎల్ లేదు. రాయుడు ఆ గేటు తెరిచాక వచ్చాడు. చెన్నై అతన్ని 2018 వేలంలో 2.20 కోట్లకు, 2022లో 6.75 కోట్లకు కొంది. ఈ ధరలు ఏడాదికి. మొదటి ధర మీద నాలుగు సీజన్లు, రెండో ధర మీద రెండు. వేలం ధరలే కలిపితే ఆరేళ్లకు 22.30 కోట్లు.

అయితే యార్డులో పాట పలికిన ధరంతా రైతు జేబులోకి రాదని గుంటూరు వాళ్లకు చెప్పాలా? కమీషను, హమాలీ, బస్తా, బాడుగ పోయాక మిగిలేదే రైతుది. ఆటగాడికీ అంతే. 2022లో ఏడాదికి ఐదు కోట్లు దాటిన ఆదాయంపై సర్‌చార్జి, సెస్సు కలిపితే పన్ను రేటు గరిష్ఠంగా 42.74 శాతం దాకా ఉండేది. ఆపైన ఏజెంటు, ట్రైనరు, ప్రాక్టీసు ఖర్చులు.

ఇంకో సంగతి. పత్తిని రెండు మూడు తీతలు తీస్తాం, మిర్చిని విడతలుగా కోస్తాం. ఆటగాడి శరీరం అన్ని కోతలివ్వదు. ముప్పై ఏడో ఏట, 2023 ఫైనల్ తర్వాత రాయుడు ఐపీఎల్‌కు సెలవు చెప్పాడు. ఆ వయసుకు ఉద్యోగి జీతం సగం మెట్లు కూడా ఎక్కి ఉండదు. ముందున్న ముప్పై ఏళ్లకు ఏదో ఒక ఆదాయం కావాలి. మాజీ ఆటగాళ్లకు బోర్డు పింఛను ఇస్తుంది. 2022లో దాన్ని పెంచారు. నెలకు 15,000 అందుకునే ఫస్ట్ క్లాస్ ఆటగాళ్లకు 30,000, 37,500 అందుకునే టెస్టు ఆటగాళ్లకు 60,000 చేశారు. అది ఆసరాయే. ఆస్తి కాదు.

తెలుగులో వ్యాఖ్యానం కోసం కంపెనీలు డబ్బెందుకు పెడతాయి?

భాష మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. ఐపీఎల్ ప్రసార హక్కులు 2018-22కు 16,347.5 కోట్లకు పోయాయి. 2023-27కు 48,390 కోట్లు పలికాయి. 410 మ్యాచ్‌లకు పంచితే మ్యాచ్‌కు 118 కోట్లు. మ్యాచ్‌కు 240 బంతులనుకుంటే బంతికి 49 లక్షల పైమాటే! ఇంత పెట్టినవాడు ప్రకటనల్లో దాన్ని తిరిగి రాబట్టాలి. ఇంగ్లిష్, హిందీ అర్థం కాక మ్యూట్‌లో పెట్టి చూసే ఇంటినీ లెక్కలోకి తెచ్చుకోవాలి. స్టార్ 2018 డిసెంబర్‌లో తెలుగు స్పోర్ట్స్ చానల్ మొదలుపెట్టడం వెనక లెక్క అదే. చిలకలూరిపేటలో విత్తనాలమ్మే కంపెనీకి ముంబయి ప్రేక్షకుడితో పనిలేదు. ఆ ప్రకటన చూసే రైతు కావాలి. ఆ రైతును టీవీ ముందు కూర్చోబెట్టే గొంతు కావాలి. వ్యాఖ్యాతకు ముట్టేది ఆ గొంతు ఖరీదు.

ఆ పని ఎలా జరుగుతుంది?

మ్యాచ్ అహ్మదాబాద్‌లో జరుగుతుంటే మన వ్యాఖ్యాత అక్కడే ఉన్నాడనుకుంటాం. ప్రాంతీయ భాషల వాళ్లు చాలాసార్లు స్టూడియోలో కూర్చుని, మనలాగే తెర చూస్తూ మాట్లాడతారు. మైకు ముందు పని రెండు రకాలు. బంతి బంతికీ ఏం జరిగిందో చెప్పేది ఒకరు. ఎందుకు జరిగిందో చెప్పేది ఇంకొకరు. ఈ రెండో కుర్చీ మాజీ ఆటగాడిది. ఫీల్డర్‌ను రెండడుగులు పక్కకు ఎందుకు జరిపారో, కీపర్ ఎందుకు ముందుకొచ్చాడో బంతి పడకముందే చెప్పగలగాలి. వికెట్ వెనక కూర్చుని ఆట మొత్తాన్ని చూసిన ప్రసాద్ లాంటివాడికి అది అలవాటైన చోటే.

చెల్లింపు రోజు లెక్కనో, సిరీస్ లెక్కనో, సీజన్ లెక్కనో ఉంటుంది. నెలనెలా జీతం కాదు. పన్ను లెక్కలో వృత్తి ఆదాయం, ఇచ్చేటప్పుడే పది శాతం టీడీఎస్ పట్టుకుంటారు. ఒప్పందం ఈ సీజన్‌కు ఉంది, వచ్చే సీజన్‌కు దేవుడెరుగు. ఒక్క మాటలో, కౌలు సేద్యం. చేను చానల్‌ది, గొంతు మనది. లినేకర్ ఈ కిటుకు ముందే గ్రహించాడు. 'గోల్‌హ్యాంగర్' పేరుతో సొంత నిర్మాణ సంస్థ పెట్టి, పాడ్‌కాస్ట్‌ల వ్యాపారంలోకి దిగాడు. బీబీసీ నుంచి బయటికొచ్చినా సొంత చేను మిగిలింది.

పెద్ద ఆటగాడైతే పెద్ద వ్యాఖ్యాత అవుతాడా?

అలా ఏం లేదు. హర్షా భోగ్లే హైదరాబాద్‌లో పుట్టి, పందొమ్మిదేళ్లకే ఆకాశవాణిలో వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. హిందీ వ్యాఖ్యాత ఆకాశ్ చోప్రా ఆడింది పదే టెస్టులు. ప్రసాద్‌వి ఆరు. విశాఖ వేణుగోపాలరావు 16 వన్డేలు ఆడాడు. తెలుగు వ్యాఖ్యానంలో పేరు తెచ్చుకుని, తర్వాత ఢిల్లీ క్యాపిటల్స్‌లో క్రికెట్ డైరెక్టర్ అయ్యాడు. ఆటలో వచ్చిన పేరు గేటు దాకా తీసుకెళ్తుంది. లోపల నిలబెట్టేది మాటే.

మైకు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మిర్చి ధర లేనప్పుడు రైతు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి కాచుకుంటాడు. ఆటగాడి పేరుకు వ్యాఖ్యానం అలాంటి గోదాం. పేరు కళ్లెదుటే ఉంటే ఫ్రాంచైజీ సలహాదారు పదవో, అకాడమీయో, ప్రకటనో తలుపు తడుతుంది. రాజకీయం కూడా తడుతుంది. రాయుడు 2023 డిసెంబర్ చివర్లో ఒక పార్టీలో చేరి, రెండు వారాలు తిరక్కముందే బయటికొచ్చాడు.

కాకపోతే అన్ని టిక్కీలూ ఒకే గోదాంలో పెట్టనివ్వరు. బోర్డును చక్కదిద్దేందుకు వేసిన లోధా కమిటీ సంస్కరణల తర్వాత అక్కడ ఒక మనిషికి రెండు పదవులు కుదరవు. సెలక్టరు వ్యాఖ్యాతగా ఉండలేడు. వి.వి.ఎస్. లక్ష్మణ్ 2021లో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకునేముందు వ్యాఖ్యానాన్నీ, సన్‌రైజర్స్ మెంటర్ పనినీ వదులుకున్నది అందుకే.

మరి ఫోన్లో కనిపించే 'ఆస్తి ఇన్ని కోట్లు' నిజమేనా?

వేలం ధర, బోర్డు మ్యాచ్ ఫీజు, పింఛను: ఇవి బయటికి తెలిసేవి. వ్యాఖ్యాన ఒప్పందం, స్థలాలు, అప్పులు బయటికి తెలియవు. ఆస్తి అంటే ఉన్నదాంట్లోంచి అప్పు తీసేశాక మిగిలేది. అప్పు తెలియకుండా ఆస్తి చెప్పేవాడు, చేను చూడకుండా దిగుబడి చెప్పే దళారీ లాంటివాడు. ఏళ్లనాటి వేలం ధరలన్నీ కూడి, పన్ను తీయకుండా, ఒక గుండ్రటి అంకె రాసేస్తారు. దాన్నే ఇంకొకడు ఎత్తి రాస్తాడు.

అయితే మా వాణ్ని క్రికెట్‌లో వెయ్యమంటారా?

వెయ్యండి, లెక్క తెలిసి వెయ్యండి. 2021లో సవరించిన ఫీజుల ప్రకారం రంజీ తుది జట్టులో కొత్త కుర్రాడికి రోజుకు 40,000. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు, నాలుగేసి రోజులు అనుకుంటే 28 రోజులకు 11.20 లక్షలు. మంచి డబ్బే, కానీ జట్టులో చోటు ఉన్నన్నాళ్లే. కాబట్టి వాడు నెట్స్ నుంచి ఇంటికొచ్చాక ఆ రోజు ఎలా ఔటయ్యాడో వాడి నోటే చెప్పించండి. ఎందుకు ఔటయ్యాడో కూడా అడగండి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయకు కూడా ఏళ్లు గడిస్తే రంగు తగ్గుతుంది. ఏటా కొత్త కాయ యార్డుకొస్తూనే ఉంటుంది, ఏటా కొత్తగా రిటైరైనవాళ్లు మైకు దగ్గరికొచ్చినట్టే. ఆ వరసలో నిలబడే రోజొస్తే వాడికి పనికొచ్చేది మీరు రోజూ చెప్పించిన ఆ నాలుగు ముక్కలే.