అగరు తైలం: ముక్కుకు శిక్షణ, సీసాకు ఓపిక

పూజగదిలో మనం వెలిగించే పుల్లకి తెలుగులో రెండు పేర్లున్నాయి. కొన్ని ఇళ్లల్లో అగరువత్తి అంటారు, కొన్ని ఇళ్లల్లో ఊదువత్తి అంటారు. ఊదితే మంట ఆరి పొగ వస్తుంది కాబట్టి ఊదువత్తి అయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఇక్కడి ఊదు మన క్రియాపదం కాదు, అరబ్బీ మాట. అరబ్బీలో ‘ఊద్’ అంటే కర్ర. అగరు అన్నది సంస్కృతంలోని ‘అగురు’ నుంచి వచ్చింది. రెండూ ఒకే సుగంధపు చెక్కకు పేర్లు. సముద్రానికి అటు ఒక పేరు, ఇటు ఒక పేరు. తెలుగువాడు రెండిటినీ ఇంట్లోకి తెచ్చుకున్నాడు.

అయితే ఈ రోజుల్లో అంగట్లో దొరికే వత్తుల్లో బొగ్గుపొడి, చెక్కపొడి, జిగురు, ఏదో ఒక సెంటు ఉంటాయి తప్ప అగరు దాదాపు ఉండదు. అసలు అగరు వాసన ఎలా ఉంటుందో మనలో చాలామందికి గల్ఫ్‌కి వచ్చాకే తెలిసింది. తెల్లటి కందూరా వేసుకున్న పెద్దాయన దిగిపోయాక కూడా ఆఫీసు లిఫ్టును వదలని వాసన అదే. ఆ తైలాన్ని ఇక్కడివాళ్లు ‘దెహ్న్ అల్ ఊద్’ అంటారు.

మన ఇళ్లల్లోనూ ఇలాంటి సీసా ఒకటి ఉండే ఉంటుంది. ఈద్‌కి తోటి ఉద్యోగి ఇచ్చి ఉంటాడు. మూత తీసి చూసిన ఇల్లాలు “ఇదేం వాసనండీ, పశువుల కొట్టంలా ఉంది” అంటుంది. సీసా బీరువాలో వెనక వరుసకి పోతుంది. మరికొందరు “ఇరవై ఏళ్ల పాతది సార్” అన్న మాట నమ్మి నెల జీతంలో సగం పెట్టి కొనేస్తారు. మంచి వస్తువు మూలన పడటానికీ, డబ్బు వృథా కావడానికీ కారణం ఒకటే. ఆ తైలంలో ఏముందో, కాలం దాన్ని ఏం చేస్తుందో తెలియకపోవడం. నేను రసాయన శాస్త్రవేత్తను కాను. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నవాణ్ణి. ఏదైనా ఎలా పనిచేస్తుందో విప్పి చూడటం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతో తెలుసుకున్నది నలుగురితో పంచుకోవాలని ఈ వ్యాసం.

గాయం నుంచి పుట్టిన వాసన

అగరు చెట్టును వృక్షశాస్త్రంలో అక్విలేరియా అంటారు. అస్సాం నుంచి ఇండోనేషియా వరకూ ఈ జాతి చెట్లు రకరకాలు పెరుగుతాయి. మన దేశంలో పేరున్నది అక్విలేరియా మలక్కెన్సిస్. ఆరోగ్యంగా ఉన్న చెట్టు చెక్క తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. దానికి వాసనే ఉండదు. చెట్టుకు గాయమై అందులోకి బూజు చేరినప్పుడు, చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఒక నల్లటి జిగురును ఊరుస్తుంది. ఆ జిగురు నిండిన చెక్కే అగరు. ఎగువ అస్సాంలో ఈ గాయం చేసేది జ్యూజెరా కాన్ఫెర్టా అనే పురుగు. అది కాండాన్ని తొలుచుకుంటూ పోతుంది, దాని వెనకాలే బూజు ప్రవేశిస్తుంది. జిగురు బాగా పట్టిన చెక్క నీళ్లలో మునుగుతుంది. అందుకే చైనా, జపాన్ భాషల్లో దీని పేరుకి ‘మునిగే సుగంధం’ అని అర్థం.

ఈ వస్తువు విలువ మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఖజానాలో భద్రపరచాల్సిన విలువైన వస్తువుల్లో కౌటిల్యుడు అగురును చేర్చాడు. ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చెప్పి, మంచిదాని లక్షణాలు కూడా ఇచ్చాడు. బరువుగా, జిడ్డుగా ఉండాలి, వాసన దూరానికి వ్యాపించాలి, నిప్పుకి తట్టుకోవాలి, రుద్దినా పోకూడదు. మా భాషలో చెప్పాలంటే అదొక స్పెసిఫికేషన్. కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో వెదురు గొట్టాల్లో పోసిన నల్లగరు తైలం ఉన్నట్టు ఏడో శతాబ్దంలో బాణుడు ‘హర్షచరితం’లో రాశాడు. కామరూపమంటే నేటి అస్సాం ప్రాంతం. ఇప్పటికీ అగరు నూనె వ్యాపారానికి అస్సాంలోని హోజాయి పెద్ద కేంద్రం. గల్ఫ్‌లో వీధివీధినా కనిపించే అజ్మల్ సంస్థను 1951లో స్థాపించిన హాజీ అజ్మల్ అలీ కూడా హోజాయి నుంచి వచ్చినవాడే.

బట్టీలో జరిగేది

చెక్కను చిన్న ముక్కలుగా కొట్టి, పొడిచేసి, నీళ్లలో నానబెడతారు. అస్సాం పద్ధతిలో ఈ నానడం వారాల తరబడి సాగుతుంది. ఆ తర్వాత నీళ్లతో సహా బట్టీకెక్కించి రోజుల తరబడి మరిగిస్తారు. ఆవిరితో పాటు వచ్చిన నూనె చల్లబడ్డాక నీటిమీద తేలుతుంది. కిలోల కొద్దీ చెక్కకు దొరికేది కొద్ది గ్రాములే.

పశువుల కొట్టం వాసనకు కారణం ఇక్కడే ఉంది. నానేటప్పుడు చెక్క పులుస్తుంది. ఇడ్లీ పిండి పులిసినప్పుడు పుట్టినట్టే ఇక్కడా ఆమ్లాలు పుడతాయి. అవి నూనెలోకి చేరతాయి. అది కల్తీ కాదు, కుళ్లూ కాదు, ఒక పద్ధతి వదిలిన గుర్తు. గల్ఫ్ అంగళ్లలో ‘హిందీ’ అని పిలిచే భారతదేశపు ఊద్‌కి ఈ ఘాటే గుర్తింపు. పాతకాపులు దానికోసమే వెతుక్కుంటారు. ‘కంబోడి’ అన్నది తియ్యగా, పండ్ల వాసనతో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే సులువు.

నూనెలో ఎక్కువ భాగం సెస్క్విటర్పీన్లు, అంటే పదిహేను కార్బన్ పరమాణువులున్న బరువైన పదార్థాలు. 1960ల్లో పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మన శాస్త్రవేత్తలు అగరు నూనె నుంచి అగరోఫ్యూరాన్ వంటి వాటిని వేరుచేసి, వాటి నిర్మాణం తేల్చారు. జిగురులో క్రోమోన్లనే మరో కుటుంబం కూడా ఉంది. అవి చాలావరకు బట్టీలో నూనెతో రావు, చెక్కను వేడిచేసినప్పుడే బయటపడతాయి. అందుకే ఒకే చెట్టు చెక్కను నిప్పుల మీద వేస్తే వచ్చే వాసన వేరు, దాని నూనె వాసన వేరు.

వాసన చూసే పద్ధతి

సీసాకి ముక్కు ఆనించి పీల్చడం పనికిరాదు. అలా చేస్తే ముందుగా లేచే ఘాటు తప్ప ఇంకేమీ అందదు. టూత్‌పిక్ కొనతో నూనె తాకించి, మణికట్టు లోపలివైపు ఒక గీత గీయండి. సబ్బు, సెంటు వాసన లేని చెయ్యి అయి ఉండాలి. రుద్దకండి. రెండు నిమిషాలు ఆగి, చెయ్యి జానెడు దూరంలో ఉంచి నెమ్మదిగా పీల్చండి.

ఒకే నూనెను నాలుగుసార్లు చూడాలి: పెట్టిన వెంటనే, అరగంటకి, మూడు గంటలకి, మర్నాడు పొద్దున చొక్కా చేతిమీద. తేలికైన అణువులు ముందు లేచిపోతాయి, బరువైనవి ఆగి ఆగి వస్తాయి. కాబట్టి మంచి నూనె మెట్లు మెట్లుగా మారుతుంది. మొదట కొట్టంలా అనిపించినది అరగంటకి తోలులా, తర్వాత తేనెలా, చివరికి పాత చెక్కపెట్టె తెరిచినట్టు ఉండవచ్చు. మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఒకే వాసన, ఒకే మోతాదులో వస్తుంటే అనుమానించాలి. అంతమాత్రాన అది కల్తీ అని రుజువైనట్టు కాదు. కల్తీ తేల్చడానికి ప్రయోగశాలలో గ్యాస్ క్రోమటోగ్రఫీ చేయాలి. నీళ్లలో చుక్క వేసి చూడటం, కాగితం మీద మరక చూడటం వంటి చిట్కాలను నమ్ముకోవద్దు.

ఒక పూట రెండు నూనెలకు మించి చూడవద్దు. ముక్కు అలిసిపోతుంది. చిన్న నోటుపుస్తకం పెట్టుకుని తోచిన మాట రాసుకోండి. ఫ్రెంచి పరిమళ శాస్త్రం మాటలు మనకు అక్కర్లేదు. తడిసిన గోనెసంచి, తాటిబెల్లం, కొత్త చెప్పుల జోడు, నేతిగిన్నె అడుగు, వాన పడ్డ పెంకుటిల్లు వంటివి మన ముక్కుకు తెలిసిన మాటలు. పిల్లల్ని కూడా అడగండి. వాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు. మన పిల్లలు వాడకుండా మరిచిపోతున్న తెలుగు మాటలు నాలుగు ఈ ఆటలో బయటికొస్తాయి.

వయసు చేసే పని

కొత్తావకాయ కలిపిన రోజు ఉప్పు ఉప్పుగా, కారం కారంగా, ఆవ ఆవగా దేనికదే తెలుస్తుంది. మూడో రోజు తిరగకలుపుతాం. నెల తిరిగేసరికి అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తైలానికీ అంతే. బట్టీ నుంచి దిగిన కొత్తలో మిగిలిపోయిన తేమ, పులుపు, మాడువాసన పైకి కొడుతుంటాయి. మొదటి కొన్ని నెలల్లో ఈ తేలికైన పదార్థాలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత సీసాలో ఉన్న కాస్త గాలిలోని ఆక్సిజన్‌తో నూనె మెల్లగా చర్య జరుపుతుంది. రంగు ముదురుతుంది, నూనె చిక్కబడుతుంది, వాసన అంచులు నునుపెక్కుతాయి. ఇది ఏళ్ల మీద జరిగే పని. ఇక్కడి అంగళ్లలో ఇలా ఊరిన నూనెను ‘ముఅత్తఖ్’ అంటారు.

కానీ ఆవకాయ విషయంలో మన అమ్మలు చెప్పేది ఇక్కడా గుర్తుంచుకోవాలి. కాయ మంచిది కాకపోతే ఎన్నాళ్లు ఊరినా పచ్చడి బాగుపడదు. వయసు లేని గుణాన్ని తెచ్చిపెట్టదు, ఉన్న గుణాన్ని తేటపరుస్తుంది. పలచటి, పేలవమైన నూనెను పదేళ్లు దాచినా పాత పేలవమైన నూనే మిగులుతుంది. వేడి, వెలుతురు, గాలి ఎక్కువైతే మంచి నూనె కూడా చప్పబడి, బంకలా మారుతుంది.

నేను అస్సాం నూనె మూడు మిల్లీలీటర్లు కొని రెండు సీసాల్లో సగం సగం పోశాను. ఒకటి వాడుకకి, ఒకటి ముట్టకుండా ఉంచడానికి. ఆరు నెలలకోసారి రెండూ పక్కపక్కన చూస్తాను. మొదటి రోజు నోటుపుస్తకంలో ‘కొట్టం, పులిసిన పిండి, తోలు’ అని ఉంది. రెండేళ్లకి పిండి పోయింది, కొట్టం అరగంటలో సర్దుకుంటోంది, తోలు వెనక బెల్లప్పాకం కనిపించింది. పోల్చి చూసుకోవడానికి ఏదో ఒకటి మారకుండా ఉండాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఇక్కడ మారనిది నోటుపుస్తకంలో రాసుకున్న మాటే.

సీసా సంరక్షణ

నూనెను ముదురురంగు గాజుసీసాలో ఉంచాలి. మూత గాజుదైనా, టెఫ్లాన్ పొర ఉన్నదైనా ఫరవాలేదు. రబ్బరు బిరడాలు, డ్రాపర్లు వద్దు, నూనె రబ్బరును తినేస్తుంది. బట్టల బీరువా లోపలి అర మంచి చోటు. స్నానాలగది, వంటగది, కిటికీ గట్టు పనికిరావు. గల్ఫ్ ఎండాకాలంలో కారులో మరిచిపోవద్దు.

కొత్త నూనె అయితే మొదటి మూడు నాలుగు నెలలు వారానికోసారి పది నిమిషాలు మూత తీసి ఉంచండి. ఘాటు తగ్గాక ఇక గాలి తగలనివ్వకండి. సీసా సగమైతే చిన్న సీసాలోకి మార్చండి. ఏసీ చల్లదనానికి కొన్ని నూనెలు గడ్డకడతాయి. అది లోపం కాదు. పిడికిట్లో కాసేపు పట్టుకుంటే కరుగుతుంది. స్టవ్వు, మైక్రోవేవ్ జోలికి పోవద్దు. సీసామీద కొన్న తేదీ, బట్టీ పెట్టిన ఏడాది, ఊరు రాసి అంటించండి.

కొనేటప్పుడు

ఊద్ అంగడిలో కొలత తోలా. బంగారానికి మనం పది గ్రాములను తులం అనేస్తున్నాం కానీ, తోలా అంటే పాత లెక్క ప్రకారం 11.66 గ్రాములు. పావు తోలా అంటే సుమారు మూడు మిల్లీలీటర్లు. మొదటిసారి అంతకు మించి కొనవద్దు. ఏ ఊరిది, ఏ ఏడాది తీసింది, అడవి చెట్టా తోట చెట్టా అని అడగండి. చేతిమీద రాయించుకుని, బయటికొచ్చి, మర్నాటిదాకా ఆగండి. మంచి అంగడివాడు ఏమీ అనుకోడు.

“అడవిది, ఇరవై ఏళ్లది” అన్న మాట దగ్గరే జాగ్రత్త కావాలి. సీసా చూసి వయసు చెప్పే సాధనం మన చేతిలో లేదు. పైగా అడవి చెట్లు అంతరించే దశకొచ్చాయి. అక్విలేరియా మలక్కెన్సిస్‌ను ఐ.యు.సి.ఎన్. అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ఈ జాతిని 1995 నుంచి, మొత్తం అక్విలేరియా ప్రజాతిని 2005 నుంచి రెండో అనుబంధంలో ఉంచింది. దాని ప్రకారం సొంత వాడకానికి ఒక మనిషి వెంట 24 మిల్లీలీటర్ల నూనె, కిలో చెక్క, రెండు పూసల దండల వరకు మినహాయింపు ఉంది. కొన్ని దేశాల నియమాలు ఇంకా కఠినం. సెలవులకి ఇండియా తీసుకెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి, రసీదు దగ్గర ఉంచుకోవాలి.

ఎవరో చెప్పిన వయసును కొనడం కంటే, నిజాయితీగా తీసిన తోట నూనెను కుర్రతనంలోనే కొని, మనకు తెలిసిన వయసును మనమే దానికివ్వడం మేలని నా అభిప్రాయం. ధర తక్కువ, మోసానికి చోటు తక్కువ, అడవి మీద భారమూ తక్కువ. ఈ ఏడాది పుట్టిన పాప పేరు, తేదీ రాసి ఒక పావు తోలా సీసా దాస్తే, ఆ పాప కాలేజీకి వెళ్లేనాటికి దాని వయసు గురించి ఏ అంగడివాడినీ అడగక్కర్లేదు.

అరబ్బుల ఇళ్లల్లో భోజనాలయ్యాక ఊద్ ధూపం తిప్పుతారు. ధూపం వచ్చిందంటే అతిథులు లేవాల్సిన వేళయిందని అర్థం. ఈ వ్యాసమూ ఆ వేళకొచ్చింది. ఇంటికెళ్లాక బీరువాలో వెనక వరుసలో ఉన్న ఆ సీసాను ఒకసారి బయటికి తీయండి. మణికట్టు మీద చిన్న గీత చాలు. అరగంట ఆగి చూడండి.